పెదనాయన మోకాలికి చీము పట్టిన సంగతి

మా పెదనాయన పాస్టరు. చిట్టమూరు అవతల, పులికాట్ సరస్సు దాపున ఉన్న మూడు పల్లెలకు ఆయనే అయ్యగారు. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ప్రసంగం మొదలుపెడితే చర్చి తాటాకు కప్పులో పిచ్చుకలు లేచిపోయేవి, ముందు వరసలో ముసలివాళ్ళు నిద్రలోకి జారేవాళ్ళు. ఆయనకు చక్కెర జబ్బు ఉండేది, చుట్ట అలవాటూ ఉండేది. చుట్ట సంగతి సంఘానికి తెలియదని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టడం ఎందుకని సంఘం ఊరుకునేది.

నేను ఆయన తమ్ముడి కూతుర్ని. అప్పటికి నర్సు ట్రైనింగు పూర్తిచేసి, జిల్లాలోనే ఒక ఆసుపత్రిలో మగవాళ్ళ ఆపరేషన్ వార్డులో పనిచేస్తున్నాను. ఆసుపత్రి పేరు చెప్పను, ఊరి పేరూ చెప్పను. నేను చెప్పబోయేది అందులో పనిచేసిన వాళ్ళకెవరికీ గొప్పగా ఉండదు. నాకు అసలే ఉండదు.

పంతొమ్మిది వందల అరవై రెండో అరవై మూడో, సరిగా గుర్తులేదు. పెదనాయన బకింగ్‌హామ్ కాలువలో పడవ దిగుతూ రాళ్ళకట్టకు మోకాలు కొట్టుకుని పడ్డాడు. పడవవాడు పడవను సరిగా ఒడ్డుకు ఆనించలేదని ఆయన చెప్పేవాడు. పెదమ్మ చెప్పేది వేరు. కట్ట మీద నిలబడిన నలుగురిని చూసేసరికి ఆయనకు ఆగలేదట. పడవలోంచే సువార్త అందుకుని, ఆకాశం వైపు చెయ్యెత్తి, కాలు ఎక్కడ పెడుతున్నాడో చూడకుండా పెట్టాడట. నేను పెదమ్మనే నమ్మాను.

మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. ముందు ఊళ్ళో కట్లు కట్టే ఆయన కోడిగుడ్డు సొనలో మినప్పిండి కలిపి పట్టీ వేసి, చుట్టూ వెదురు బద్దలు కట్టాడు. వారానికి మోకాలు గుమ్మడికాయంత అయింది. అప్పుడు బండిలో రోడ్డు దాకా, అక్కడినుంచి బస్సులో మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. కాలు చాపుకోవడానికి బస్సులో ముగ్గుర్ని సీట్లలోంచి లేపి, ఆ ముగ్గురికీ దారి పొడవునా బోధ చేస్తూ వచ్చాడట. వాళ్ళు తమ ఊరికన్నా ముందే దిగిపోయారని పెదమ్మ చెప్పింది.

పెద్ద డాక్టరు గారు చూసి, "చిప్పను ఉక్కు తీగతో బిగించాలి. కానీ ముందు చక్కెర తగ్గాలి. తగ్గకుండా కత్తి పెడితే గాయం మానదు" అన్నారు.

చక్కెర ఉందో లేదో చూడడం నా పని. పొద్దున్నే గాజు గొట్టంలో నీలం మందు పోసి, రోగి ఒంటికి పోసింది నాలుగు చుక్కలు వేసి మంట మీద కాచేదాన్ని. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. పచ్చబడితే కొంచెం, పసుపైతే ఇంకొంచెం, ఇటుక రంగు తిరిగితే పుష్కలంగా ఉన్నట్టు. పెదనాయనది రోజూ ఇటుక రంగే. ఇన్సులిన్ పెంచారు, అన్నం తగ్గించారు. మళ్ళీ ఇటుకే.

"ఇన్ని ఇటుకలతో ఈపాటికి మీ పెదనాయన ఒక చర్చి కట్టి ఉండొచ్చు" అంది మా వార్డు సిస్టరమ్మ. ఆమెది మద్రాసు పక్క. సన్నగా, నిటారుగా, కర్రకు గంజి చీర చుట్టినట్టు ఉండేది. ఆరో రోజు ఆమె ఆయన ప్రసంగాల కాగితాలు పెట్టుకునే గుడ్డసంచి విప్పింది. క్రిస్మస్ ప్రసంగానికీ మంచి శుక్రవారం ప్రసంగానికీ మధ్య చదునుగా నొక్కిన తాటిబెల్లం దొరికింది. చూడడానికి వచ్చిన సంఘస్థులు భక్తిగా తెచ్చి ఇచ్చిన కానుక.

"ఏందండీ ఇది?" అని పెదమ్మ నోరు నొక్కుకుంది.

"దగ్గుకు" అన్నాడు పెదనాయన.

"మీకు దగ్గెప్పుడొచ్చింది?"

ఆయన వెంటనే దగ్గాడు.

బెల్లం పోయాక గొట్టం పచ్చబడింది. కానీ ఈ తతంగంలో పన్నెండు రోజులు గడిచాయి. ఆ పన్నెండు రోజులూ ఆయన ఒక్కచోట ఊరుకున్నాడా? పక్క మంచం మీద తొడకు చీముగడ్డ కోసిన రైతు ఒకాయన ఉండేవాడు. ఆయన్ని ఎలాగైనా రక్షించాలని పెదనాయన పంతం పట్టి, ఆ మంచం మీదికి వాలి వాలి మాట్లాడేవాడు. ఆయన నీళ్ళ లోటా ఈయన తాగేవాడు, ఈయన తువ్వాలు ఆయన తుడుచుకునేవాడు. ఆత్మ సంగతి తెలియదు గానీ, తువ్వాలు మాత్రం చాలా ప్రయాణాలు చేసింది.

ఆపరేషన్ ముందు సాయంత్రం ఆసుపత్రి బార్బరు వచ్చాడు. కత్తి పెట్టే చోట వెంట్రుకలు గీయడం ఆయన పని. యాభై దాటిన మనిషి, మితభాషి. చేతిలో రేకు పెట్టె, అందులో ఒకటే కత్తి, ఒకటే సబ్బు బిళ్ళ. వార్డులో మర్నాడు ఆపరేషన్ ఉన్నవాళ్ళందరికీ ఆ కత్తే. పెదనాయన పంచె పైకి లాగి మోకాలు చూపించాడు. గుండ్రంగా, నున్నగా ఉంది. ఒక్క వెంట్రుక లేదు.

"నలభై ఏళ్ళ మోకాళ్ళ ప్రార్థనయ్యా" అన్నాడు పెదనాయన గర్వంగా. "ఇంక ఎంటిక ఎట్టా నిలుస్తాది?"

"వాళ్ళ నాయన మోకాళ్ళూ ఇట్టా బోడిగానే ఉండేయి" అంది పెదమ్మ. "ఆయన పుట్టి బుద్ధెరిగి ప్రార్థన చేసినోడు కాదు."

బార్బరు మూతి బిగించి నవ్వుకుని, పెట్టె మూసుకుని అవతలి మంచానికి వెళ్ళాడు. కాగితంలో 'క్షవరం అయింది' అని రాయాల్సిన గడి ఒకటి ఉంటుంది. గడి ఉంది కాబట్టి అయిందని నేను సంతకం పెట్టాను.

ఇక నా సంగతి. ఆ వారమే నా కుడిచేతి చూపుడువేలికి గోరుచుట్టు లేచింది. గోరు పక్కన ఎర్రగా ఉబ్బి, గుండె కొట్టుకున్నట్టు కొట్టుకునేది. ఇంట్లో అయితే అమ్మ నిమ్మకాయకు చిల్లు పెట్టి వేలికి తొడిగేది. వేలికి నిమ్మకాయతో వార్డులోకి వెళితే సిస్టరమ్మ గుమ్మంలోంచే వెనక్కి పంపేది. గాయం ముట్టే నర్సుకు చీము వేలు ఉండకూడదని ట్రైనింగులో మొదటి నెలలోనే చెబుతారు. నేనూ పరీక్షలో ఆ జవాబు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. అయితే ఆ నెలాఖరుకు నన్ను ఆపరేషన్ థియేటర్లోకి మారుస్తారని మాట అనుకున్నారు. థియేటర్ నర్సు అంటే మాలో ఒక హోదా. పైగా పెదనాయన వార్డంతా టముకు వేశాడు, "నాకు కట్టు కట్టేది మా బిడ్డే" అని. అందుకని సూది కాల్చి వేలు గుచ్చి, చీము పిండి, ప్లాస్టరు అంటించి పనిలోకి వెళ్ళాను. తడికి ఆ ప్లాస్టరు గంటలో ఊడిపోయేది. రెండుసార్లు మళ్ళీ అంటించాను. మూడోసారి మానేశాను.

చేతులు కడుక్కునే వాళ్ళం, అబద్ధమెందుకు. వార్డు మధ్యలో స్టాండు మీద ఎనామిల్ బేసిన్ ఉండేది, అందులో క్రిములు చచ్చే లైసాల్ మందు కలిపిన నీళ్ళు, పక్కన కొక్కేనికి ఒక తువ్వాలు. పొద్దున ఏడుకు నింపితే పెద్ద డాక్టరు గారు మొదలుకొని అందరమూ అందులోనే ముంచేవాళ్ళం. పదయ్యేసరికి ఆ నీళ్ళు కుడితిలా ఉండేవి. అందులో ముంచి, ఆ తువ్వాలుకే తుడుచుకుని, శుభ్రమైపోయామని తృప్తిపడి తరవాతి గాయం దగ్గరికి వెళ్ళేవాళ్ళం.

ఆపరేషన్ బాగా జరిగింది. నాలుగో రోజు నేను కట్టు విప్పి చూస్తే కుట్లు పొడిగా, ముద్దుగా ఉన్నాయి. మందు రాసి మళ్ళీ కట్టాను. అయిదో రోజు ఆదివారం. ఆరాధన ముగించుకుని సంఘం పదకొండు మంది బస్సెక్కి వచ్చారు. సిస్టరమ్మ భోజనానికి వెళ్ళిన వేళ చూసి లోపలికి జొరబడి, మంచం చుట్టూ నిలబడి, ఒక్కొక్కరే మోకాలి మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. ఒకామె పీతల కూర తెచ్చింది, ఆ చేత్తోనే కట్టు కొంచెం పక్కకు జరిపి లోపల ఎలా ఉందో చూసి, "బాగుండాది" అని మిగతావాళ్ళకు సాక్ష్యం చెప్పింది. నేను అక్కడే ఉన్నాను. అందరూ నాకు చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళు, ఎవరినని వద్దనగలను? పీతల కూర కూడా బాగుంది.

ఏడో రోజు జ్వరం వచ్చింది. ఎనిమిదో రోజు కట్టు విప్పితే పసుపు చీము కారింది. కుట్లు విప్పాల్సి వచ్చింది. లోపల తీగ మెరుస్తూ కనిపించింది. పెదనాయన దాన్ని చూసి కళ్ళు మూసుకున్నాడు, ఒక్క వచనం కూడా చెప్పలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

మరో పది రోజుల్లో ఇంకో ముగ్గురి గాయాలు అలాగే చెడ్డాయి. ముగ్గురికీ కట్లు కట్టింది నేనే. వార్డంతా కారణం వెతకడం మొదలైంది. ఆసుపత్రి వంటింట్లో వంకాయ కూర వండారని, వంకాయ తింటే చీము పట్టక ఏమవుతుందని పెదమ్మ కనపడిన ప్రతివాళ్ళనీ నిలదీసింది. చక్కెర, చుట్ట, ఆ ఒళ్ళు, అన్నీ ఆయనవే కదా అన్నారు డాక్టరు గారు. పదకొండు మంది చేతులు అంది సిస్టరమ్మ. సాతాను పని అన్నాడు పెదనాయన.

"ఇంత లోకం ఉండగా సాతానుకు మీ మోకాలే దొరికిందా?" అంది పెదమ్మ.

చివరికి డాక్టరు గారు వార్డులో పనిచేసే అందర్నీ వరసగా నిలబెట్టి చేతులు చూపించమన్నారు. అప్పటికి నా గోరుచుట్టు మానిపోయింది. వేలి కొస తోలు మాత్రం పొరలుగా లేస్తోంది. సిస్టరమ్మ ఆ వేలు పట్టుకుని, "ఇదేమిటి?" అంది.

"కాగిన గిన్నె తగిలింది సిస్టర్" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట!

ఆమె వదిలేసి ముందుకు కదిలింది. వరస చివర బార్బరు నిలబడి ఉన్నాడు. ఆయన మణికట్టు మీద తామర ఉంది, గోకి గోకి రసి కారుతోంది. అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. దొరికింది కారణం.

"పదేళ్ళనుంచీ ఉండాది అయ్యా ఇది" అన్నాడు బార్బరు. "ఇన్నాళ్ళూ ఎవురికీ ఏమీ కాలేదు."

"రేపటినుంచి రానక్కర్లేదు" అన్నారు డాక్టరు గారు.

బార్బరు రేకు పెట్టె చంకన పెట్టుకుని వరండా దిగి వెళ్ళిపోయాడు. ఆ పెట్టె మూత సరిగా పడదు, నడిచినంతసేపూ టకటకమని చప్పుడైంది.

పెదనాయన మోకాలిని ఆయన ముట్టుకోనే లేదు. ఆ సంగతి నాకు తెలుసు. కాగితంలో ముట్టుకున్నట్టు సంతకం పెట్టింది నేనే. మూడు రోజులు ఆ సంగతి నాలోనే పెట్టుకుని తిరిగాను. మిగతా ముగ్గురికీ ఆయనే గీశాడు కదా, వాళ్ళకు ఆ తామరవల్లే వచ్చిందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. పెదనాయనకు చక్కెరవల్ల, జనంవల్ల వచ్చిందేమో అనుకున్నాను. నా వేలు తప్ప లోకంలో అన్నిటినీ నేరస్థుల్ని చేశాను.

నాలుగో రోజు నేను గాయం కడుగుతుంటే పెదనాయన అడిగాడు. "ఏమ్మే, ఆ బార్బరు నా మోకాలు ముట్టనే లేదు గదా. ఆయన మీద ఎట్టా తోసినారు?"

నేను చిమటా ట్రేలో పెట్టాను. "నా వేలికి గోరుచుట్టు ఉండింది పెదనాయనా. దాంతోనే నీకు కట్టు కట్టినాను."

పెదమ్మ స్టూలు మీద కూర్చుని నా చేతివంక చూస్తోంది.

"ఎవురికన్నా చెప్పినావా?" అన్నాడు పెదనాయన.

"లేదు."

"నాకు చెప్తే ఏముండాది? నేను పాస్టరునని నాకు చెప్పి చేతులు దులుపుకుందామనుకున్నావా? ఆ మనిషి పని పోయింది. పోయి చెప్పాల్సినోళ్ళకు చెప్పు. ముందు ఈ కట్టు ముగించు."

"చేతులు కడుక్కోనియ్యండి దాన్ని" అంది పెదమ్మ.

సిస్టరమ్మ నా మాట విని కొట్టినంత పని చేసింది. చెయ్యి పట్టుకుని డాక్టరు గారి గదికి ఈడ్చుకెళ్ళింది. ఆయన విని చాలాసేపు బల్ల మీద వేళ్ళతో తాళం వేశారు.

"నీ వేలో, ఆ తామరో, ఆ బేసిన్ నీళ్ళో, మీ పెదనాయన బెల్లమో, పక్క మంచం చీమో, ఎవరు తేల్చగలరు? అన్నీ తలా ఒక చెయ్యి వేసి ఉంటాయి" అన్నారు. నాకు కొంచెం ప్రాణం లేచి వచ్చింది. "కానీ తామర ఆయన దాచలేదు. నువ్వు దాచావు" అన్నారు వెంటనే. లేచిన ప్రాణం కూర్చుంది.

చీము గాయాల్లోంచీ, అందరి ముక్కుల్లోంచీ చేతులమీదినుంచీ, ఇంటికి మనిషిని పంపి బార్బరు తామరమీదినుంచీ దూదిపుల్లలతో తుడిచి పరీక్షకు మద్రాసు పంపించారు. జవాబు వచ్చింది. గాయాల్లో ఉన్న క్రిమి నా ముక్కులోనూ ఉందట. బార్బరు తామరలో లేదట. ఇంకొకరి ముక్కులో కూడా ఉందట. ఆ కాగితాన్ని డాక్టరు గారు మడిచి జేబులో పెట్టుకున్నారు గానీ, కవరు విప్పింది సిస్టరమ్మ. ఆ రెండో ముక్కు డాక్టరు గారిదేనని సాయంత్రానికి వంటింటిదాకా తెలిసింది. మర్నాటినుంచి ఆయన థియేటర్లో ముక్కు కిందికి జారే మాస్కును కళ్ళదాకా లాగి కట్టుకునేవారు.

నన్ను రెండు వారాలు వార్డు ముట్టనివ్వలేదు. దుప్పట్లు లెక్కపెట్టే గదిలో కూర్చోబెట్టారు. థియేటర్ పని వేరే అమ్మాయికి పోయింది. బేసిన్ తీసేసి, కుళాయి బిగించిన రేకు డ్రమ్ము పెట్టారు. చీము గాయాల వాళ్ళను వరండాలోకి మార్చి, వాళ్ళ కట్లు అన్నిటికన్నా చివర కట్టాలన్నారు. సంఘాలు, కులపెద్దలు, ఎవరొచ్చినా ఇద్దరే లోపలికి, మంచం మీద కూర్చోకూడదు, కట్టు ముట్టకూడదు. ప్రార్థన గుమ్మంలోంచి చేసినా దేవుడికి వినపడుతుందని సిస్టరమ్మ తీర్పు చెప్పింది. క్షవరం ఆపరేషన్ నాటి పొద్దున, మనిషికో కొత్త బ్లేడు. బార్బరును పిలవడానికి ఆమే ఎండలో నడిచి వాళ్ళ ఇంటికి వెళ్ళింది.

పెదనాయన రెండు నెలలు మంచం మీద ఉన్నాడు. రెండోసారి కోసి తీగ తీసేశారు. గాయం మానింది, మోకాలు మాత్రం బిగుసుకుపోయింది. రోకలిలా చాపినకాలు చాపినట్టే. ఇక ఆయన మోకరించలేడు. ఆయన కుర్చీలో కూర్చుంటే సంఘం మోకాళ్ళ మీద ఉండడంతో, "మనం అయ్యగారికి మొక్కినట్టుండాది" అని ఒక పెద్దమనిషి పేచీ పెట్టాడు. మూడు ఆదివారాలు తగువు నడిచింది. చివరికి అందరూ నిలబడే ప్రార్థించాలని పెదనాయన ప్రకటించాడు. ముసలివాళ్ళు అంత మనస్ఫూర్తిగా ఆమెన్ అనడం అంతకుముందు ఎవరూ వినలేదట. ఎక్కువసేపు నిలబడలేక ఆయన ప్రసంగమూ సగానికి తగ్గింది. ఆ ఏడాది చర్చికి జనం పెరిగారు. ఆయన దాన్ని పరిశుద్ధాత్మ కార్యం అన్నాడు.

దాచిన పాపం గురించి చెప్పాల్సినప్పుడల్లా నా గోరుచుట్టును ఉదాహరణగా వాడుకున్నాడు. ఒకసారి నేను ముందు వరసలో కూర్చుని ఉండగానే చెప్పాడు. వెనకనుంచి పిల్లలు నా వేళ్ళు చూడడానికి మెడలు సాచారు. ఇంటికొచ్చాక నేను గొడవపడితే, "నీ గొప్పకు నా మోకాలు నువ్వు వాడుకోలేదా? నీ వేలు నేను వాడుకుంటా" అన్నాడు. పెరట్లో చుట్ట వెలిగించుకుంటుంటే అగ్గిపెట్టె నేనే అందించాను.

నేను దుప్పట్ల గదిలో కూర్చున్న ఏడో రోజున బార్బరు పనిలోకి తిరిగొచ్చాడు. మణికట్టుకు శుభ్రమైన గుడ్డ చుట్టి ఉంది. నేను గదిలోంచి బయటికొచ్చి వరండాలో ఆయన్ని ఆపాను.

"అన్నా, తప్పు నాది. ఆ రోజే చెప్పాల్సింది" అన్నాను.

ఆయన పెట్టె ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "వీధిలో నా చేత గడ్డం గీయించుకునేదానికి కూడా ఎవురూ రాలేదు" అన్నాడు. కోపంగా అనలేదు, జరిగింది చెప్పాడంతే. తరవాత పనుందని లోపలికి వెళ్ళాడు.

ఆ తరవాత ఆరేళ్ళు ఒకే వార్డులో పనిచేశాం. ఎదురుపడితే పలకరించేవాడు, పండగకు వాళ్ళింట్లో చేసిన అప్పాలు అందరితోపాటు నాకూ పంపేవాడు. అంతకుముందు నన్ను "పాపా" అనేవాడు. తిరిగొచ్చిన రోజునుంచీ "నర్సమ్మగారూ" అన్నాడు. పాత పిలుపుతో పిలవమని రెండుసార్లు అడిగాను. అట్టాగేనమ్మా అని తలూపి, మళ్ళీ నర్సమ్మగారూ అనేవాడు.